ఉప్పు పట్టిన బ్రౌనింగ్ కర్ర: తేమ రోజులకు ముందే విప్పి చూడండి

ముసురు పట్టినప్పుడు కల్లుప్పు జాడీ మూత తీస్తే ఉప్పు చెమర్చి ఉంటుంది. 1960ల చివర్లో, 70ల మొదట్లో వచ్చిన కొన్ని బ్రౌనింగ్ కంపెనీ తుపాకుల కర్రలోనూ, అంటే వాటి చెక్క భాగాల్లోనూ, అదే జరుగుతుంది. ముఖ్యంగా బెల్జియంలో తయారైన సూపర్‌పోజ్డ్ షాట్‌గన్లు (ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలున్నవి). వాల్‌నట్ చెక్క పగలకుండా తొందరగా ఆరాలని అప్పట్లో ఉప్పు పట్టించారు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు నీరు లాగి, ఆనుకున్న ఇనుమును తినేస్తుంది. అమెరికాలోని హ్యూస్టన్ లాంటి తేమ ఊళ్లలో ఉన్నవాళ్లు వేసవి ముదరకముందే చూసుకోవాలి.

ముందు రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత కర్ర వెనక చివర, భుజానికి ఆనేచోట ఉండే బట్ ప్లేటు స్క్రూలు విప్పండి. మరలు ఎర్రగా పొడి రాలుతుంటే అనుమానించాల్సిందే. మెరుస్తున్నాయని మాత్రం నమ్మకండి, అమ్మేవాళ్లు మార్చి ఉండొచ్చు.

ఖాయంగా తేలేది సిల్వర్ నైట్రేట్‌తోనే, ఉప్పు తగిలితే తెల్లబడే రసాయనం అది. 1 శాతం ద్రావణం చాలు, అంటే 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము. కుళాయి నీళ్లు వాడితే అందులోని క్లోరైడ్‌కే (ఉప్పులోనూ ఉండేది అదే) తెల్లబడిపోతుంది. చేతి చెమటలోనూ ఉప్పుంటుంది కాబట్టి ప్లేటు కింద పాలిష్ లేని చోట కొద్దిగా గీకి, ఒక్క చుక్క వేయండి. విరిగిన పాలలా తెల్లబడితే ఉప్పున్నట్టే. తర్వాత వెలుతురుకు నల్లబడటం మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. గొట్టాల కింద చేత్తో పట్టుకునే ముందరి చెక్కను కూడా విడిగా పరీక్షించాలి. వెనక కర్ర, ముందరి చెక్క, ఈ రెండిట్లో ఒకటే మార్చిన తుపాకులుంటాయి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. చర్మం మీద పడితే నల్ల మచ్చ రోజుల తరబడి పోదు.

వంట సోడా రాస్తే ఉప్పు గుణం విరిగిపోతుందనే మాట వినకండి, ఉప్పు ఆమ్లం కాదు విరగడానికి. లోపలి వైపు వార్నిష్ పూస్తే కొంతకాలం ఆగుతుంది, అంతే. అసలు మందు కొత్త కర్ర.

ఈలోగా కర్రను, ఇనుమును విడదీసి పెట్టండి. పైపై తుప్పును నూనె తడిపిన 0000 రకం (అతి సన్నని) స్టీల్ ఊల్‌తో మెల్లగా తీయొచ్చు. ముందరి చెక్క కప్పి ఉంచే చోట గొట్టానికి గుంటలు పడి ఉంటే, గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) గొట్టం గోడ మందం కొలిచేదాకా ఒక్క తూటా కూడా పేల్చకండి. బీరువాలో తేమ 50 శాతం దాటనివ్వకండి. స్పాంజి లైనింగ్ ఉన్న పెట్టెలో మాత్రం దాచొద్దు, చెమ్మ అందులోనే ఉండిపోతుంది.