గ్రాఫ్ బాగుంది, విలువే తప్పు

కాల్షియం-40ని డ్యూటెరాన్‌తో (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన కేంద్రకం) కొడితే ప్రోటాన్ బయటికొస్తుంది, న్యూట్రాన్ లోపలే ఉండిపోతుంది. కాల్షియం-41 గ్రౌండ్ స్టేట్‌లో ఆ న్యూట్రాన్ చేరేది 1ఎఫ్7/2 కక్ష్యలో. 20 దగ్గర షెల్ నిండిపోయింది కాబట్టి స్పెక్ట్రోస్కోపిక్ ఫ్యాక్టర్ (కొలిచిన విలువని లెక్కకట్టిన విలువతో భాగిస్తే వచ్చే సంఖ్య) 1కి దగ్గరగా రావాలి. కంప్యూటర్ ప్రోగ్రాంతో లెక్కేస్తే నాకు చాలా తక్కువ వచ్చింది. ఏ కోణంలో ఎన్ని ప్రోటాన్లు వస్తాయో చూపే గ్రాఫ్ ఆకారం మాత్రం డేటా మీద చక్కగా కూర్చుంది! నన్ను మోసం చేసింది అదే. ఆకారాన్ని ముఖ్యంగా నిర్ణయించే ఎల్=3 (న్యూట్రాన్ కక్ష్య కోణీయ ద్రవ్యవేగం) సరిగ్గానే ఇచ్చాను కదా.

రెండు రోజులు, కణాలు కేంద్రకాన్ని తాకి చెదిరే తీరుని లెక్కించే ఆప్టికల్ పొటెన్షియల్‌ని అనుమానిస్తూ టెన్షన్ పడ్డాను. చివరికి అవుట్‌పుట్ ఫైల్లో న్యూట్రాన్ని పట్టి ఉంచే పొటెన్షియల్ బావి లోతు చూశాను. 8.36 ఎంఈవీ బంధన శక్తికి 50 చిల్లర ఉండాల్సింది, 100 దాటింది. ఆ ప్రోగ్రాం నోడ్‌లను (తరంగ ప్రమేయం మధ్యలో సున్నా అయ్యే చోట్లను) 0 నుంచి లెక్కపెడుతుంది. 1ఎఫ్ కదా అని నేను 1 ఇచ్చాను, అది 2ఎఫ్ అనుకుంది. 0 పెట్టగానే దారికొచ్చింది. 1.94 ఎంఈవీ దగ్గరున్న 2పి3/2 స్థితికి మాత్రం 1 పెట్టాలి.