పాత నాణేన్ని ముందు చదవండి, తోమకండి

మద్రాసులో తరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లలో బామ్మల ట్రంకుపెట్టెల అడుగున, గుడ్డమూటల్లో కట్టిన పాత నాణేలు ఇప్పటికీ బయటపడుతుంటాయి. వాటిని చూడగానే చింతపండు తెచ్చి తోమాలనిపిస్తుంది. చిన్నప్పుడు ఒక రాగి నాణేన్ని నేనూ అలాగే తోమాను. పావుగంటలో అది కొత్త చెంబులా మెరిసింది గాని, అంచున ఉన్న అక్షరాలు సగం చెరిగిపోవడంతో అది ఏ కాలానిదో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను. అందుచేత ముందు గుర్తించాలి. శుభ్రం చేయడమన్నది ఆ తర్వాత, అదీ తప్పనిసరైతేనే.

గుర్తించడానికి గ్రాములు చూపే చిన్న త్రాసు, భూతద్దం, అయస్కాంతం ఉంటే చాలు. 1835 నుంచి వచ్చిన వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే పాతకాలపు తులం. అరిగినది కొంచెం తక్కువ తూగవచ్చు గాని, తొమ్మిది గ్రాములే తూగితే అనుమానించాలి. విక్టోరియా బొమ్మ పక్కన ‘క్వీన్’ అని ఉంటే అది 1877కు ముందుది, ‘ఎంప్రెస్’ అని ఉంటే 1877దో ఆ తర్వాతిదో. 1940 నుంచి వెండి పాలు సగానికి తగ్గింది. 1947 రూపాయి నికెల్‌ది కనుక అయస్కాంతానికి అంటుకుంటుంది. వెండి రూపాయి అంటుకుంటే మాత్రం నకిలీయే. సీతారాముల బొమ్మలతో, 1818 సంవత్సరంతో అమ్ముతున్న ‘కుంపిణీ అణాలు’ కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, ఎన్నడూ ముద్రించనివి.

తెలుగువారు ప్రత్యేకించి వెతకవలసినది 1807 ప్రాంతంలో మద్రాసు ప్రెసిడెన్సీ కోసం అచ్చయిన వెండి పావు వరహా. ఒకవైపు నక్షత్రాల నడుమ గుడి గోపురం, ఇంగ్లీషు, పారశీక అక్షరాలు; రెండోవైపు చుక్కల నడుమ విష్ణుమూర్తి, చుట్టూ తమిళంతో పాటు మన తెలుగు. వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకొని మెల్లగా తిప్పితే, అరిగిన నాణెం మీద కూడా తలకట్లు, కొమ్ములు ఒక్కొక్కటిగా నీడతేలి కనబడతాయి. చింతపండు పులుపు, పీచు మొదట మింగేవి ఈ సన్నని గీతలనే.

మట్టి అంటి చదవడం కుదరనప్పుడు, ఇన్వర్టరు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టి, మెత్తని నూలుగుడ్డతో అద్దాలి; రుద్దకూడదు. వెండి మీది నల్లని ఛాయ, రాగి మీది ముదురు గోధుమ పొర లోహానికి రక్షణ కనుక వాటి జోలికి పోవద్దు. పొడిలా రాలే లేతపచ్చ చిలుము సంగతి వేరు. ఉప్పూ తేమా కలిసి రాగిని తినేస్తున్నాయనడానికి అది గుర్తు. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో దీన్ని అశ్రద్ధ చేయకూడదు. అటువంటి నాణేన్ని మిగతావాటి నుంచి విడదీసి, రోజూ నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు నానబెట్టి, పూర్తిగా ఆరాక తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో మూతడబ్బాలో ఉంచాలి. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లు కాలక్రమంలో జిగురు వదులుతాయి గనుక వాడరాదు.

పునాదులు తవ్వేటప్పుడు దొరికిన నాణేల విలువ పది రూపాయలు మించితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. ఇంట్లో దొరికినవాటికి మాత్రం, ఏ బామ్మ పెట్టెలోదో, ఆ పెట్టె ఏ ఊరి నుంచి వచ్చిందో ఇంటి పెద్దలను అడిగి ఆ రోజే చీటీ మీద రాసి, నాణెంతో పాటే ఉంచండి.