వేసవి నవధాన్య సాగు: మొలక చెడినప్పుడు కారణం వెదకడం ఎలా

ఏప్రిల్, మే నెలల్లో పొడి దుక్కిలో పది పదిహేను రకాల విత్తనాలు కలిపి చల్లి, వేసవి జల్లులకే నేలను పచ్చగా కప్పుకునే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో పీఎండీఎస్ (ప్రీ మాన్సూన్ డ్రై సోయింగ్, అంటే వానాకాలానికి ముందే పొడి దుక్కిలో విత్తడం) అంటారు. రాయలసీమ ఊళ్ళలో నవధాన్య సాగు అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. విత్తనానికి బంకమట్టి, బూడిద, ఘన జీవామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే ఎండు ఎరువు) పూత పట్టించడం, ఎకరాకు పది పన్నెండు కిలోలు చల్లడం తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను కనుక, ఆ సంగతులు మళ్ళీ చెప్పడం లేదు.

ముందు మట్టి తవ్వి చూడాలి

"వాన పడింది, అయినా మొలవలేదు" అని చెప్పేవారిని మట్టి తవ్వి చూశారా అని అడిగితే, చూశామన్నవారు చాలా అరుదు. విత్తనాలు అమ్మినవారిని తప్పుపట్టడం, మళ్ళీ విత్తనం కొనడం మాత్రం వెంటనే జరిగిపోతాయి. చేనులో ఐదారు చోట్ల జానెడు వెడల్పున పై మట్టిని మెల్లగా తీసి, విత్తనం ఏ స్థితిలో ఉందో చూసిన తరువాతే ఏ నిర్ణయమైనా తీసుకోవాలి.

విత్తనం గట్టిగా, పొడిగా ఉంటే తడి అక్కడిదాకా దిగలేదని అర్థం. వేచి ఉండడం తప్ప చేయవలసింది లేదు. ఉబ్బి, మెత్తబడి, నొక్కితే చితికిపోతుంటే చిన్న జల్లుకు మొలక మొదలై, తరువాతి బెట్టకు చచ్చిందన్నమాట. ఆ విత్తనం ఇక లేవదు, రోహిణిలోనో మృగశిరలోనో మంచి వాన చూసుకొని మళ్ళీ చల్లుకోవాలి. మొలక వచ్చి మట్టి కిందే వంకర తిరిగి ఉంటే ఎర్ర నేల వానకు పైన గట్టి పొర కట్టింది; తడి ఆరకముందే ముళ్ళకంప తేలికగా లాగితే చాలావరకు పైకి వస్తుంది, వచ్చే ఏడాది పైన చెత్త ఆచ్ఛాదనగా పరిస్తే ఈ బాధ తగ్గుతుంది. పూత గుళిక చెక్కుచెదరకుండా ఉంటే చిదిమి లోపల చూడండి. పూత పట్టించిన విత్తనాన్ని నీడలో పలుచగా ఆరబెట్టక కుప్పగా ఉంచితే, లోపలే మొలకెత్తి చచ్చిపోతుంది. బయటికి గుళిక మాత్రం బాగానే కనబడుతుంది.

అసలు విత్తనమే దొరకకపోతే చీమలో, పిట్టలో తీసుకుపోయి ఉంటాయి. అలా కాక కొన్ని సాళ్ళలో ఆవాలు, నువ్వులు, కొర్ర గుంపుగా మొలిచి, మిగతా సాళ్ళలో అలసంద, ఉలవ మాత్రమే కనిపిస్తే లోపం గొర్రుతో విత్తడంలో ఉంది. జడ్డిగంలో, అంటే గొర్రు మీద విత్తనం పోసే గిన్నెలో, కలిపి పోసినప్పుడు సన్న గింజలు అడుగుకు చేరతాయి. సన్న గింజలను ఇసుకతో కలిపి విడిగా చల్లుకోవడమే దీనికి మందు.

మొలిచి, కొన్ని రకాలు మాత్రమే ఆగిపోతే

చాలామందిని మోసం చేసేది ఈ లక్షణమే కాబట్టి దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. మొలక బాగానే వస్తుంది. రెండు మూడు వారాల తరువాత అలసంద, పెసర, మినుము ఏపుగా సాగుతుంటాయి. జొన్న, సజ్జ మాత్రం రెండు మూడు ఆకుల దగ్గరే నిలిచిపోయి, సుడిలోని లేత ఆకు పసుపెక్కి, కాండం ఎరుపు ఊదాకు తిరుగుతుంది. ఆవాలు బీజదళాల (మొలకతో వచ్చే మొదటి రెండు ఆకుల) దశ దాటవు. చిరుధాన్యాల విత్తనం మంచిది కాదనో, నేలలో సత్తువ లేదనో అనుకొని జీవామృతం పోస్తారు. ఫలితం ఉండదు, ఎందుకంటే కారణం కిందటి పంటకు కొట్టిన కలుపు మందు.

వేరుశనగలో విత్తిన 20 రోజుల ప్రాంతంలో ఎకరాకు 300 మిల్లీలీటర్ల చొప్పున కొట్టే ఇమజెతాపిర్ పప్పుజాతి మొక్కలను పెద్దగా బాధించదు. అందుకే దాన్ని వేరుశనగలో వాడతారు. కానీ అది మట్టిలో మిగిలితే జొన్న, సజ్జ, ఆవాల వంటి వాటి వేళ్ళు పెరగనివ్వదు. ఆ మందును ప్రధానంగా కరిగించేవి మట్టిలోని సూక్ష్మజీవులు, వాటికి తడి కావాలి. ఆగస్టులో కొట్టిన మందుకు వానలు పోయాక మే దాకా ఎండిన మట్టే దొరికితే, క్యాలెండరులో ఎన్ని నెలలు గడిచినా లెక్కలోకి వచ్చేవి తడి ఉన్న నెలలు మాత్రమే. బోరు కింద రబీ వేరుశనగ పండించి ఏప్రిల్‌లో పీకి, వెంటనే నవధాన్యాలు చల్లే చేనులో గడువు ఇంకా తక్కువ.

మొక్కజొన్న వేసిన చేనులో దీనికి సరిగ్గా తలకిందులైన దృశ్యం కనిపిస్తుంది. అక్కడ వాడే అట్రజిన్ అనే కలుపు మందు జొన్నను ఏమీ చేయదు. పెసర, మినుము, అలసంద మాత్రం చక్కగా మొలిచి, ఆ తరువాత కింది ఆకుల అంచులు పసుపెక్కి, మాడి, మొక్క చనిపోతుంది. సున్నం ఎక్కువగా ఉన్న నల్లరేగడిలో అట్రజిన్ ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. అలాంటి నేలల్లోనే ఇనుము లోపంతో కూడా పప్పుజాతి మొక్కలు పసుపెక్కుతాయి కాబట్టి రెంటినీ వేరుచేసి చూడాలి: ఇనుము లోపంలో కొత్త ఆకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం తెల్లబోతుంది, అట్రజిన్ వల్ల పాత ఆకులు అంచు నుంచి మాడతాయి.

అనుమానం తీర్చుకోవడానికి రెండు గుర్తులు ఉన్నాయి. ఒకటి, చేనులో ఆగిపోయిన మొక్కల వరుస. నేల లోపమైతే పల్లానికో, రాళ్ళున్న చోటికో తగినట్టు మచ్చలుగా ఉంటుంది. మందు శేషమైతే పిచికారీ నడిచిన దారి వెంట పట్టీలుగా, గట్టు దగ్గర మలుపుల్లో మందు రెండుసార్లు పడిన చోట మరీ ఎక్కువగా ఉంటుంది. రెండోది, మొక్క వేరు ఎలా ఉందన్నది. ఇమజెతాపిర్ తగిలిన సజ్జ మొక్కను పీకితే, పక్క వేళ్ళు లేని పొట్టి వేరు కనిపిస్తుంది.

కౌలు భూమి తీసుకున్నవారు దీన్ని ముఖ్యంగా గమనించాలి. కిందటి కౌలుదారు ఏం కొట్టాడో మీకు తెలియదు, భూయజమానికీ తెలియకపోవచ్చు. ప్రకృతి వ్యవసాయంలోకి అప్పుడే మారిన చేనులో మొదటి ఏడాది నవధాన్యాలు సరిగా రాకపోతే ఈ అనుమానం తప్పక రావాలి.

చల్లక ముందే పరీక్ష

విత్తడానికి నెల ముందు చేనులో పది చోట్ల నుంచి పై మూడంగుళాల మట్టి తీసి కలిపి కుండీల్లో పోయండి. మందు ఎన్నడూ పడని గట్టు మట్టితో మరికొన్ని కుండీలు నింపండి. రెంటిలోనూ ఆవాలు, సజ్జ, పెసర, దోస వేసి తడిపి, ఎండ తగిలే చోట రెండు మూడు వారాలు ఉంచండి. అట్రజిన్ ప్రభావం వెలుతురులోనే బయటపడుతుంది కనుక నీడలో పెట్టి చేసిన పరీక్ష పనికిరాదు. చేను మట్టిలో ఆవాలు, సజ్జ కుంగి, గట్టు మట్టిలో బాగుంటే ఇమజెతాపిర్ తరహా మందు ఉన్నట్టు. దోస, పెసర మాడిపోతే అట్రజిన్ ఉన్నట్టు.

మందు ఉన్నదని తేలితే దాన్ని విరిచే విరుగుడు లేదు. విత్తన మిశ్రమాన్ని మార్చుకోవాలి. వేరుశనగ చేనులో ఆ ఏడాదికి అలసంద, పెసర, మినుములతో సరిపెట్టి, చిరుధాన్యాలు, ఆవాలు మానుకోవాలి. మొక్కజొన్న చేనులో జొన్నను ప్రధానంగా ఉంచి, పప్పుజాతిని కొద్దిగానే కలపాలి. మొలిచాక తెలిస్తే, నిలిచిన రకాలను అలాగే ఉంచి, ఖాళీల్లో అవే రకాలు చల్లాలి. పోయిన రకాలనే మళ్ళీ చల్లితే మళ్ళీ పోతాయి. పచ్చదనం కింద నేల తడిగా ఉండి సూక్ష్మజీవులు పెరిగితే శేషం తగ్గుతుంది, కానీ ఒక్క వానతో కాదు.

మిగిలినవి

పిల్లిపెసర, జీలుగలో కొన్ని గింజలు గట్టి తొక్కతో నెలల తరువాత మొలుస్తాయి. అది వాటి స్వభావం. నులిపురుగులనో, చవుడనో చెప్పేవారు ఉంటారు. పక్క చేను బాగున్నప్పుడు వాటి వెంట పడనవసరం లేదు.

ఇమజెతాపిర్ శేషం ఉన్న చేనులో ఖరీఫ్‌కు జొన్న, సజ్జ, మొక్కజొన్న వేయాలని అనుకుంటే, జూన్ నెలలో అదే కుండీ పరీక్షను ఆ పంట విత్తనంతో మరోసారి చేసుకొని, మొక్క కుంగితే ఆ ఏడాదికి కందికో, వేరుశనగకో మారాలి.