ఆర్థిక వార్తలు చదవడం నేర్చుకుందాం – 6: జీతాల అంకెలో వడ్డీ రేటు జాడ

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న వదిలాం. 2023 జనవరిలో జపాన్‌లో ద్రవ్యోల్బణం, తాజా ఆహార పదార్థాలు తీసేసి లెక్కేస్తే, 4.2 శాతానికి చేరింది. అది 41 ఏళ్ల గరిష్ఠం. అప్పటికే అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ ఎడాపెడా వడ్డీ రేట్లు పెంచేస్తోంది. జపాన్ కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ జపాన్ మాత్రం మైనస్ 0.1 శాతం దగ్గరి నుంచి కదల్లేదు. ఎందుకని?

ఆ ధరలు పెంచింది చమురు, గ్యాస్, గోధుమలు, పడిపోయిన యెన్. దిగుమతి సరుకు ధర ఒకసారి పెరిగి ఆగిపోతే ఏడాది తిరిగేసరికి ద్రవ్యోల్బణం అంకె దానంతటదే దిగుతుంది. ధరలు ఏటేటా పెరగాలంటే జీతాలూ ఏటేటా పెరగాలి. సెలూన్, హోటల్, ఆస్పత్రి లాంటి చోట్ల ఖర్చులో పెద్ద వాటా జీతాలదే. పైగా కొనేవాళ్ల జీతం పెరగనప్పుడు ధర పెంచాలంటే ఏ కంపెనీకైనా భయమే.

జపాన్‌లో ఆ భయం ఎంతటిదో చూడండి. గారిగారి-కున్ అని పిల్లలు తినే పుల్ల ఐస్. 25 ఏళ్ల తర్వాత 2016లో దాని ధర 60 యెన్ల నుంచి 70 చేశారు. ఆ పది యెన్లు అప్పటి లెక్కన మన ఆరు రూపాయలు. అంతమాత్రానికే కంపెనీ చైర్మన్, ఉద్యోగులు వరసగా నిలబడి తలలు వంచి క్షమాపణ చెప్పుకుంటూ టీవీ ప్రకటన ఇచ్చారు. వడ్డీ రేటు సున్నా కిందికి దిగింది కూడా ఆ ఏడాదే. జీతాలు కదలవు కాబట్టి ధరలు కదలవు, ధరలు కదలవు కాబట్టి వడ్డీ పెంచే అవసరం రాదు.

ఇక అసలు పని. జపాన్‌లో ఏటా వసంతంలో యూనియన్లు కంపెనీలతో జీతాల బేరం చేస్తాయి. దాన్ని షుంతో అంటారు. ఫలితాలను రెంగో అనే కార్మిక సమాఖ్య ప్రకటిస్తుంది. 2024 తుది లెక్క 5.10 శాతం. హెడ్‌లైన్లో వచ్చే ఈ అంకెను ఉన్నదున్నట్టు తీసుకోకండి.

ముందు సీనియారిటీ పెంపు తీసేయండి. మన ప్రభుత్వ ఉద్యోగులకు ఏటా పడే ఇంక్రిమెంట్ వేరు, పీఆర్సీ ఫిట్‌మెంట్ వేరు కదా, ఇదీ అలాంటిదే. పైన ఒకరు రిటైరై కింద కొత్తవాళ్లు చేరుతుంటే ఇంక్రిమెంట్ల వల్ల సంస్థ మొత్తం జీతాల బిల్లు పెద్దగా పెరగదు. అది తీసేస్తే 2024లో అసలు పెంపు 3.56 శాతం. 2023లో హెడ్‌లైన్ 3.58, అసలు పెంపు 2.12.

తర్వాత ఉత్పాదకత. మనిషి గంటకు ఒక శాతం ఎక్కువ పని తీస్తే, ఒక శాతం జీతం పెంచినా సరుకు మీద భారం పడదు. జపాన్‌కు దీన్ని సుమారు 1 అనుకోండి. అది తీసేశాక మిగిలిందే ధరల మీద పడే జీతాల ఒత్తిడి. బ్యాంకు ద్రవ్యోల్బణ లక్ష్యం 2 శాతం కాబట్టి జీతాలు 3 శాతం దాకా పెరగాలని బ్యాంక్ ఆఫ్ జపాన్ అప్పటి గవర్నర్ కురోదా చెప్పింది ఈ లెక్కతోనే.

2023కి 2.12లోంచి 1 తీస్తే 1.12. లక్ష్యానికి చాలా దూరం, రేటు కదల్లేదు. 2024కి 2.56. లక్ష్యం దాటింది. ఆ ఏడాది తొలి లెక్క మార్చి 15న వచ్చింది, 19న బ్యాంకు రేటు పెంచింది. 17 ఏళ్లలో అదే మొదటి పెంపు.

ఇక్కడ ఒక జాగ్రత్త. జపాన్ ఉద్యోగుల్లో యూనియన్ సభ్యులు ఆరుగురిలో ఒకరే. అందుకే కార్మిక శాఖ నెలవారీ సర్వే కూడా పక్కన పెట్టుకోవాలి.

ఇంకో తీసివేత ఉంది, అది ఇంటి లెక్క: జీతం పెంపులోంచి ద్రవ్యోల్బణం. ఆ నిజ జీతాలు 2024 మే దాకా వరసగా 26 నెలలు తగ్గుతూనే వచ్చాయి. అంటే జనం జేబు చిక్కిపోతున్న రోజుల్లోనే బ్యాంకు వడ్డీ పెంచింది. పేపర్లు ఈ రెండు లెక్కలనూ కలగాపులగం చేసేస్తుంటాయి, మీరు మాత్రం విడిగా రాసుకోండి.

ఈ సూత్రాన్ని మన దేశానికి యథాతథంగా వాడొద్దు. నెల జీతం లేనివాళ్లే ఇక్కడ ఎక్కువ. డీఏ అయితే ధరల వెనకాలే వస్తుంది.

అభ్యాసం: 2025 షుంతో హెడ్‌లైన్ 5.25, అసలు పెంపు 3.70. ఉత్పాదకత 1 అనుకుని లెక్క వేయండి. రేటు పెంచమనే వస్తుంది. అయినా ఆ జనవరిలో 0.5 శాతానికి పెంచిన బ్యాంకు, తర్వాత నెలల తరబడి ఆగింది. ఏప్రిల్‌లో అమెరికా సుంకాలు ప్రకటించాక ఎగుమతి కంపెనీల లాభాలేమవుతాయో ఆలోచించి రెండు వాక్యాలు రాయండి. వచ్చే పాఠం అక్కడి నుంచే.