కండోమ్ వాడకంపై సర్వే లెక్కలను ఎలా చదవాలి?

"నలుగురిలో ఒక్కరే కండోమ్ వాడుతున్నారు." ఇలాంటి హెడ్‌లైన్ కనపడగానే మిగతా ముగ్గురికీ జాగ్రత్త లేదని తేల్చేస్తాం. ఆ ముగ్గురిలో పిల్లల కోసం చూస్తున్న దంపతులు ఉండొచ్చు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్లు ఉండొచ్చు, ఏళ్ల తరబడి ఒకరితో ఒకరే ఉంటున్నవాళ్లూ ఉండొచ్చు. సెక్స్ సర్వేల్లో అంకె తప్పుగా ఉండటం కన్నా, అది ఏ ప్రశ్నకు జవాబో మనం చూసుకోకపోవడమే ఎక్కువ. ఈసారి అలాంటి వార్త కంటపడితే ఈ వరుసలో చూడండి.

1. శాతం దేనిలోంచి తీశారో చూడండి

అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ 2009లో 5,865 మందిని సర్వే చేసి, మరుసటి ఏడాది ఫలితాలు ప్రచురించింది. సంభోగం జరిగిన ప్రతి నాలుగు సార్లలో ఒకసారి కండోమ్ వాడారని అందులో తేలింది. భాగస్వామితో స్థిరపడనివాళ్లలో మూడుసార్లకు ఒకసారి. లెక్కపెట్టింది సందర్భాల్ని, మనుషుల్ని కాదు. "నాలుగు సార్లలో ఒకసారి" కాస్తా "నలుగురిలో ఒకరు" అయిందంటే అర్థం మొత్తం మారిపోయినట్టే.

ఇంకో రకం లెక్క భారత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంటుంది. 2019–21 విడతలో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో కండోమ్ పద్ధతి వాడుతున్నవాళ్లు 9.5 శాతం, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 37.9 శాతం. ఇది గర్భం రాకుండా ఏ పద్ధతి పాటిస్తున్నారన్న లెక్క. సుఖవ్యాధుల నుంచి ఎంతమందికి రక్షణ ఉందో దీన్నిబట్టి చెప్పలేం.

2. జవాబిచ్చినవాళ్లు ఎలా దొరికారో చూడండి

అమెరికా సెక్స్ పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ కిన్సీ జనం లైంగిక అలవాట్లపై 1948, 1953లో తెచ్చిన నివేదికల వెనక వేల ఇంటర్వ్యూలున్నాయి. అయినా వాళ్లలో చాలామంది ముందుకొచ్చి మాట్లాడినవాళ్లే. యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన మనుషులు కారు కాబట్టి గణాంకవేత్తలు గట్టిగానే తప్పుపట్టారు. సెక్స్ గురించి మాట్లాడటానికి ఉత్సాహంగా వచ్చేవాళ్లు అందరిలాంటివాళ్లు కాకపోవచ్చు. బ్రిటన్‌లో 1990–91 నుంచి దాదాపు పదేళ్లకోసారి లైంగిక అలవాట్లపై జరిగే నాట్సాల్ అనే జాతీయ సర్వే చిరునామాల జాబితాలోంచి ఇళ్లను యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. వెబ్‌సైట్‌లో లింక్ పెట్టి లక్షమంది క్లిక్ చేశారని చెప్పుకునే సర్వే కన్నా, ఇలా ఎంచుకున్న కొన్ని వేలమంది మాటే నేను నమ్ముతాను.

3. అడిగిన ప్రశ్నను వెతికి పట్టుకోండి

అసలు కిటుకంతా ఇక్కడే. "మీరు మామూలుగా కండోమ్ వాడతారా?" అంటే మనిషి తన అలవాటు చెప్పడు, తను ఎలా ఉండాలనుకుంటున్నాడో చెబుతాడు. "చివరిసారి వాడారా?" అంటే ఒక్క రాత్రి గుర్తుచేసుకుంటే చాలు, అవును కాదు అని తేలిపోతుంది. ఒక్క సందర్భంతో ఒక మనిషి అలవాటు తెలియదు, నిజమే. కానీ వేలమందిని కలిపి చూస్తే మొత్తం జనాభా తీరు బాగానే బయటపడుతుంది. అందుకే పేరున్న సర్వేలు ఎక్కువగా ఈ ప్రశ్నే అడుగుతాయి. 2011–15లో అమెరికా ప్రభుత్వ సర్వే ప్రకారం గత ఏడాదిలో చివరిసారి కలిసినప్పుడు కండోమ్ వాడామన్నవాళ్లు 15–44 ఏళ్ల స్త్రీలలో 23.8 శాతం, పురుషుల్లో 33.7 శాతం.

అదే సర్వే ఇంకో ప్రశ్న వేసింది. అంతకుముందు నాలుగు వారాల్లో కండోమ్ వాడామన్న స్త్రీలను, కలిసినంతసేపూ ఉందా అని అడిగింది. కొంతసేపే ఉందని 25.8 శాతం మంది చెప్పారు. చిరిగిందని, లేదా పూర్తిగా ఊడిపోయిందని 6.5 శాతం మంది చెప్పారు. అంటే "వాడాం" అని టిక్ పెట్టినవాళ్లలో మధ్యలో తొడిగినవాళ్లూ ఉన్నారు, మధ్యలో తీసేసినవాళ్లూ ఉన్నారు. ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో గర్భం వచ్చే అవకాశం 2 శాతమే. జనం నిజంగా వాడే తీరులో అది 13 శాతం దాకా వెళుతుందని అంచనా. ఆ తేడాలో చాలా భాగానికి కారణం రబ్బరు కాదు, ఈ కొంతసేపు వ్యవహారమూ, అసలు వాడని రోజులూ.

4. జవాబు ఎవరి ముందు చెప్పారో ఆలోచించండి

2003లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పరిశోధకులు మిషెల్ అలెగ్జాండర్, టెరీ ఫిషర్ కాలేజీ విద్యార్థులను మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు పేరు లేకుండా రాసే వీలిచ్చారు. ఇంకో గుంపు తమ జవాబులు వేరేవాళ్లు చూడొచ్చని అనుకునేలా చేశారు. మూడో గుంపు ఒంటికి వైర్లు తగిలించి, ఇది అబద్ధాలు పట్టే మిషన్ అని చెప్పారు. ఆ మిషన్ అసలు పనిచేయదు. భాగస్వాముల సంఖ్య అడిగితే, ఎవరైనా చూస్తారన్న టెన్షన్ ఉన్న అమ్మాయిల సగటు 2.6. పేరు లేకుండా రాసినవాళ్లది 3.4. వైర్లు తగిలించుకున్నవాళ్లది 4.4. అబ్బాయిల జవాబుల్లో ఇంత తేడా రాలేదు.

కండోమ్ విషయంలో ఇంకా సూటిగా పరీక్షించారు. జింబాబ్వేలో స్త్రీల యోని నుంచి తీసిన నమూనాల్లో వీర్యం ఆనవాలు కోసం చూశారు. ఆనవాలు దొరికినవాళ్లలో దాదాపు సగం మంది అంతకుముందు రెండు రోజుల్లో కలవలేదని గానీ, కండోమ్‌తోనే కలిశామని గానీ చెప్పినవాళ్లు. కొందరికి కండోమ్ జారిపోయి ఉండొచ్చు. అయినా ఎదురుగా కూర్చుని అడిగిన సర్వేలో కండోమ్ శాతం ఎక్కువగా కనిపిస్తే కాస్త తగ్గించి చదవడమే మంచిది. నాట్సాల్‌లో సున్నితమైన ప్రశ్నలు రాగానే కంప్యూటర్‌ను జవాబిచ్చేవాళ్ల చేతికే ఇస్తారు. పూర్తయ్యాక ఆ భాగం లాక్ అవుతుంది, అడిగినవాళ్లకు కూడా కనపడదు.

5. ఆడ, మగ లెక్కలు పక్కపక్కన పెట్టండి

నాట్సాల్ 2010–12 విడతలో జీవితకాలంలో భిన్నలింగ భాగస్వాముల సగటు పురుషులకు 14, స్త్రీలకు 7. రెండు పక్షాల లెక్కా ఒకరితో ఒకరిదే కదా, ఇంత తేడా ఎలా? కొంతమంది పురుషులు చెప్పిన భారీ అంకెలు సగటును పైకి లాగాయి. పైగా స్త్రీలు ఒక్కొక్కరినీ లెక్కపెడితే, పురుషులు ఎక్కువగా ఉజ్జాయింపుగా చెప్పారు. ఇలాంటివి సరిచేశాక తేడా బాగా తగ్గింది. ఇండియానా సర్వేలో చివరిసారి భాగస్వామికి భావప్రాప్తి కలిగిందన్న పురుషులు దాదాపు 85 శాతం. తమకు కలిగిందన్న స్త్రీలు 64 శాతం. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

6. డబ్బు ఎవరిచ్చారో చూడండి

ఇండియానా సర్వేకు నిధులిచ్చింది ట్రోజన్ కండోమ్‌లు తయారుచేసే చర్చ్ అండ్ డ్వైట్ కంపెనీ. కండోమ్ వాడినవాళ్లు కూడా వాడనివాళ్లంత సుఖమే పొందామన్నారని తేల్చిందీ ఈ సర్వేనే. అంతమాత్రాన చెత్తబుట్టలో వేయనక్కర్లేదు. చేసింది యూనివర్సిటీ, అచ్చయింది శాస్త్రీయ పత్రికలో. గుర్తుపెట్టుకుని చదివితే చాలు.

7. ఆ తర్వాతే మీ సంగతికి రండి

ఆ సర్వేలోనే కండోమ్ వాడకం అతి తక్కువగా కనిపించింది 40 దాటినవాళ్లలో. చాలామందికి అది సబబే. కానీ విడాకుల తర్వాతో, తోడు పోయాకో కొత్తగా మొదలుపెట్టేవాళ్లూ ఈ వయసులో ఉంటారు. గర్భం భయం పోయిందని కండోమ్ వదిలేస్తారు, సుఖవ్యాధులకు మాత్రం వయసుతో పని లేదు. మీరూ అందులో ఉంటే మూడో మెట్టులోని రెండు ప్రశ్నలూ మీకు మీరే వేసుకోండి: చివరిసారి వాడారా, మొదటి నుంచి చివరిదాకా ఉందా? రెండిటిలో దేనికి లేదన్నా, కొత్త భాగస్వామితో కలిసి పరీక్షలు చేయించుకోవడం గురించి డాక్టర్‌ను అడగండి.