నెయ్యి చేదొచ్చినా, ఆకు నూనె బూజు పట్టినా: ఇంట్లో కాచుకునేవాళ్ళకి సమస్య - పరిష్కారం

మా ఇంట్లో ఎప్పుడూ నాలుగు సీసాలు ఉంటాయి. కరివేపాకు నెయ్యి, మిరియాల నెయ్యి, తలకి రాసుకునే గుంటగలగరాకు నూనె, ఈ మూడూ అలమరలో. నాలుగోది వెల్లుల్లి నూనె, అది మాత్రం ఫ్రిజ్‌లో. ఎందుకో కింద చెబుతాను. కంచరపాలెంలో ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చిన కొత్తలో ఇరుగుపొరుగుకి తలో చిన్న సీసా ఇచ్చాను. ఇప్పుడు వాళ్ళూ కాచుకుంటున్నారు. తేడా వస్తే సీసా పట్టుకుని మా గుమ్మంలోకి వస్తారు. "వదినా, ఒక్కసారి వాసన చూడవా" అంటారు. వాసన చూసే ముందే నేను రెండు మాటలు అడుగుతాను. తడి పూర్తిగా పోయిందా? మంట ఎంతలో పెట్టావు? చాలావరకు జవాబు అక్కడే దొరుకుతుంది.

మన విశాఖలో తడి గొడవ ఇంకాస్త ఎక్కువ. ఉప్పు డబ్బా మూత తీసి వదిలేస్తే సాయంత్రానికి చెమ్మగిల్లే ఊరు ఇది. పొడి ఊళ్ళలో ఉండేవాళ్ళు చెప్పిన లెక్కలు ఇక్కడ అలాగే పాటిస్తే కుదరదు.

ఎంత చిలికినా వెన్న పడటం లేదు

మే నెలలో ఈ ఫిర్యాదు వస్తే కారణం వేడి. వంటింట్లో 34, 35 డిగ్రీలు ఉంటే వెన్న గింజ కట్టదు, మెత్తగా జారిపోయి మజ్జిగలో కలిసిపోతుంది. మీగడ పెరుగుని రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, చిలికేటప్పుడు ఐస్ నీళ్ళు పోయండి. డిసెంబరు తెల్లవారుజామున ఇదే సమస్య వస్తే కారణం తిరగబడుతుంది: చల్లదనానికి వెన్న గింజలు గట్టిపడి ఒకదానికొకటి అంటుకోవు. అప్పుడు ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు చాలు. పడ్డ వెన్నని చల్లటి నీళ్ళతో రెండు మూడుసార్లు, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. ఈ పని బద్ధకించినవాళ్ళే తర్వాతి సమస్యతో నా దగ్గరికి వస్తారు.

నెయ్యి చేదుగా ఉంది, లేదా పుల్లటి వాసన వస్తోంది

పులుపు, చేదు రెండూ వేరు వేరు జబ్బులు.

పుల్లటి వాసన కాచడానికి ముందే మొదలైంది. మీగడ ఎక్కువ రోజులు నిలవ ఉంచారు, లేదా వెన్నలో మజ్జిగ మిగిలిపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. మా ఫ్రిజ్‌లో పది రోజుల మీగడ ఉంది. పారేయడానికి మనసొప్పక కరెంటు వచ్చాక చిలికి కాచాను. ఇల్లంతా ఒకటే పులుపు కంపు, ఆ నెయ్యి ఎవరూ ముట్టలేదు. అదే అలమరలో అంతకుముందు నెల కాచి పెట్టిన నెయ్యి ఏమాత్రం చెక్కుచెదరలేదు. నీళ్ళున్నది చెడింది, నీళ్ళు పోయినది నిలిచింది. అప్పటి నుంచి మీగడ వారం దాటనివ్వను. వారంలోపు వెన్న చాలినంత రాదనిపిస్తే మీగడని డీప్ ఫ్రీజర్‌లో పెడతాను.

చేదు మాత్రం మంట వల్ల వస్తుంది. కొన్న వెన్నలో వందకి 80 పాళ్ళు కొవ్వు, దాదాపు 16 పాళ్ళు నీళ్ళు, మిగతాది పాల పదార్థం. ఇంట్లో చిలికిన వెన్నలో నీళ్ళు ఇంకాస్త ఎక్కువే. ఆ నీళ్ళు మరుగుతున్నంతసేపు గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, కాబట్టి మాడే భయం లేదు. నీళ్ళు అయిపోయిన క్షణం నుంచి వేడి గబగబా పెరుగుతుంది. 110 నుంచి 120 డిగ్రీల మధ్య అడుగున ఉన్న గసి ఎర్రబడి కమ్మటి వాసన ఇస్తుంది. అది దాటితే నల్లబడి చేదు దింపుతుంది. ఈ రెంటికీ మధ్య మీకు దొరికేది రెండు మూడు నిమిషాలే.

ఆ నిమిషాలు పట్టుకోవాలంటే చెవి పెట్టాలి. మొదట పెద్ద బుడగలతో గలగలమంటుంది. తర్వాత చిటపట. ఆ చిటపట సన్నబడి, నురుగు అణిగి, గరిటెతో పక్కకి తోస్తే గిన్నె అడుగు కనిపిస్తుంది. గసి బిస్కెట్ రంగులో ఉండగానే పొయ్యి కట్టేయండి. గిన్నె వేడికే ఇంకో ఛాయ రంగు తిరుగుతుంది. మందపాటి అడుగున్న గిన్నె వాడేవాళ్ళు ఇంకొంచెం ముందే దించాలి, ఎందుకంటే అది వేడిని వదలదు. ఆ సమయంలో ఫోన్ మోగినా తీయకండి.

మాడిన నెయ్యికి మందు లేదు. మునగాకు వేస్తే చేదు పోతుందంటారు. నేను రెండుసార్లు వేసి చూశాను, మునగాకు వాసన వచ్చింది కానీ చేదు పోలేదు. దీపారాధనకి వాడుకోండి.

నెయ్యి పూస కట్టలేదు

కల్తీ అని కంగారు పడకండి. వేడి నెయ్యిని తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే మైనంలా నున్నగా గడ్డకడుతుంది. గది వేడిలో కదపకుండా నెమ్మదిగా చల్లారనిస్తే పూస కడుతుంది. గేదె నెయ్యికి పూస పెద్దది, ఆవు నెయ్యికి సన్నం. ఎండాకాలంలో మన ఊళ్ళో నెయ్యి సగం కరిగే ఉంటుంది, అది దాని స్వభావం.

ఆకు నల్లబడింది, కానీ వాసన దిగలేదు

కరివేపాకు నెయ్యి మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ ఇక్కడ తప్పటడుగు వేస్తారు. నెయ్యి పొగలు కక్కేలా కాచి అందులో ఆకు పడేస్తారు. చర్రుమంటుంది, వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది. ఆ ఘుమఘుమే నష్టం. వాసనంతా గాల్లోకి పోయింది, సీసాలోకి ఏమీ రాలేదు. ఆకు వాసన గాలిలో తేలికగా ఎగిరిపోయే నూనెల్లో ఉంటుంది. వాటిని నెయ్యి తాగాలంటే సెగ తక్కువగా, సమయం ఎక్కువగా ఉండాలి.

నేను చేసే పద్ధతి ఇది. అరకిలో నెయ్యికి పెద్ద గుప్పెడు ఆకు. రైతుబజారులో ఆకు వాడిపోకుండా నీళ్ళు చల్లుతూ ఉంటారు కాబట్టి తెచ్చిన వెంటనే వాడను. కడిగి, గుడ్డ మీద పరిచి, ఫ్యాను కింద నీడన రెండు రోజులు ఆరబెడతాను. శ్రావణ భాద్రపదాల్లో మూడు రోజులైనా పడుతుంది. ఆకుని వేళ్ళ మధ్య నలిపితే గలగలమని పొడి కావాలి. తోలులా వంగిందంటే లోపల ఇంకా తడి ఉంది. ఆరిన ఆకుని చేత్తో చిదుముతాను కానీ మిక్సీలో మెత్తటి పొడి చేయను. పొడి చేస్తే వడగట్టేటప్పుడు గుడ్డలోంచి జారి, అడుగున బురదలా చేరి, నాలుగు రోజులకి చేదెక్కుతుంది.

తర్వాత ఒక వెడల్పు గిన్నెలో నీళ్ళు మరిగించి, దానిలో నెయ్యి గిన్నె కూర్చోబెట్టాలి. నీళ్ళు 100 డిగ్రీలు దాటవు కాబట్టి ఎంతసేపు ఉంచినా ఆకు మాడదు. ముప్పావు గంట నుంచి గంట. నెయ్యి గిన్నె మీద మూత పెట్టకండి. మూతకి పట్టిన ఆవిరి బొట్టు బొట్టుగా నెయ్యిలో పడి మీ రెండు రోజుల శ్రమనీ వృథా చేస్తుంది.

ఆకుపచ్చ రంగు నిలవలేదని కొందరికి బాధ. వేడికి ఆకుపచ్చ ముదురు ఆలివ్ రంగుకి తిరుగుతుంది, రుచికి దానితో సంబంధం లేదు. మిరియాలు, పసుపు అయితే ఇంకా తేలిక. పాడేరు వైపు నుంచి వచ్చే మిరియాలు దొరికితే కచ్చాపచ్చాగా దంచి ఇదే పద్ధతిలో వేయండి. పసుపు రంగు కొవ్వులో ఇట్టే కరుగుతుంది. పొయ్యి కట్టేశాకే వేయండి, మంట మీద వేస్తే క్షణంలో మాడుతుంది.

సీసా అడుగున నీటిబొట్లు, పైన బూజు

సీసాని వెలుతురుకి పట్టి చూడండి. అడుగున ముత్యాల్లా బొట్లు కదులుతుంటే అది నీరే. నూనెలో బూజు పెరగదు, ఆ నీటిలోనూ, పైకి తేలిన ఆకు ముక్కల మీదా పెరుగుతుంది. బూజు కనిపిస్తే పైపైన తీసేసి వాడుకోవద్దు, మొత్తం పారేయండి. బొట్లు మాత్రమే ఉండి, కాచి ఒకటి రెండు రోజులే అయితే, పైనున్న తేటని వేరే గిన్నెలోకి వంచి సన్న సెగ మీద మళ్ళీ కాచుకోవచ్చు.

నీరు పోయిందో లేదో తెలుసుకోవడానికి పెద్దవాళ్ళు వాడిన పరీక్ష నాకు ఎప్పుడూ తప్పలేదు. దూది వత్తిని నెయ్యిలోనో నూనెలోనో ముంచి వెలిగించండి. నిశ్శబ్దంగా వెలిగితే నీరు లేదు. చిటపటమని నిప్పురవ్వలు ఎగిరితే ఇంకా ఉంది. పూజ గదిలో దీపం చిటపటమంటే శకునాలు వెతికే బదులు నెయ్యి మళ్ళీ కాచండి.

తల నూనెకి ఆయుర్వేదంలో ఒక కొలత ఉంది: ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్ళు, రసం లేదా కషాయం పదహారు పాళ్ళు. అంటే అర లీటరు నువ్వుల నూనెకి 125 గ్రాముల ఆకు ముద్ద, రెండు లీటర్ల రసం. ఆ రెండు లీటర్లూ ఇగిరిపోవాలంటే గంటలు పడుతుంది. సాయంత్రం మొదలుపెట్టినవాళ్ళకి నిద్ర ముంచుకొచ్చి సగంలో దించేస్తారు, పదో రోజున సీసా కంపు కొడుతుంది. పొద్దున్నే మొదలుపెట్టండి. ముద్ద కొంచెం తీసి వేళ్ళ మధ్య నలిపితే అంటుకోకుండా వత్తిలా చుట్టుకోవాలి. నూనె పాకానికి వస్తే నురుగు పైకొస్తుందనీ, నెయ్యి పాకానికి వస్తే నురుగు అణుగుతుందనీ చెబుతారు. కాచేటప్పుడు రెండూ గమనించండి, గుర్తుండిపోతుంది.

లోతైన గిన్నె వాడండి, సగానికి మించి నింపకండి. తడి రసం పడితే నూనె ఒక్కసారిగా పొంగుతుంది. పొరపాటున నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు. గ్యాస్ కట్టేసి, మూత పెట్టి, గిన్నెని కదపకుండా వదిలేయండి.

వెల్లుల్లి నూనె: చెడినా తెలియదు

ఇప్పటిదాకా చెప్పినవాటికి వాసనో, రంగో, రుచో ఆనవాలుగా ఉంది. దీనికి అది కూడా ఉండదు, అందుకే నాకు టెన్షన్. కొన్నేళ్ళ క్రితం నేనూ పచ్చి వెల్లుల్లి రేకలు దంచి నూనెలో వేసి, మూడు వారాలు గట్టు మీదే ఉంచాను. చక్కటి వాసన, బూజు లేదు. ఒక వైద్యురాలు మా ఇంటికి భోజనానికి వచ్చి ఆ సీసా చూసి, నా చేతే సింకులో పారబోయించింది.

మట్టిలో క్లాస్ట్రీడియం బొటులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. వెల్లుల్లి, అల్లం మట్టిలో పెరిగేవి కాబట్టి వాటిని అంటిపెట్టుకుని వస్తాయి. మామూలుగా ఏమీ చేయవు, గాలి తగిలితే పెరగలేవు. నూనెలో ముంచామంటే గాలి ఆడకుండా మనమే మూసేశాం. వెల్లుల్లిలో తడి ఉంది, పులుపు లేదు, మన ఊరి వెచ్చదనం ఎలాగూ ఉంది. ఇంకేం కావాలి? పెరిగి విషం చేస్తుంది. మరిగించినా బీజాలు చావవు, వాటికి ఒత్తిడితో కూడిన 121 డిగ్రీల వేడి కావాలి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక హోటల్లో ఇలాగే బయట ఉంచిన వెల్లుల్లి నూనె తిని 36 మంది ఈ విషానికి గురయ్యారు.

"మరి ఆవకాయలో వెల్లుల్లి ఏడాదంతా నూనెలోనే ఉంటుంది కదా?" అని మా మరదలు అడిగింది. మంచి ప్రశ్న. ఆవకాయలో మామిడి పులుపు, దండిగా ఉప్పు ఉన్నాయి. అంత పులుపులో ఆ సూక్ష్మజీవి పెరగలేదు. వట్టి నూనెకి ఆ కాపలా లేదు.

పరిష్కారం: కొంచెం కొంచెం చేసుకోండి. చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లో వాడేయండి. మిగిలితే పారబోయండి, రుచి చూసి తేల్చుకుందామనుకోవద్దు. పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర పచ్చివి నూనెలో వేసినా ఇదే లెక్క. ఎక్కువ రోజులు కావాలంటే పూర్తిగా ఎండిన వెల్లుల్లి వాడండి. అలాంటి నూనె తిన్నాక ఎవరికైనా రెండు రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, మింగడం కష్టం కావడం మొదలైతే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఏం తిన్నారో చెప్పండి.

నూనె పాతబడిన వాసన వస్తోంది

వెలుతురు, గాలి, వేడి. కిటికీ గట్టు మీద గాజు సీసాలు అందంగా ఉంటాయి, లోపల నూనె మాత్రం పాడవుతుంది. ముదురు రంగు సీసాలు, చిన్నవి, నిండుగా పోసి అలమరలో పెట్టండి. కొత్త నూనెని పాత సీసాలో కడగకుండా పోయకండి. సీసా కడిగాక ఎండలో బోర్లించి, చేత్తో లోపల తడిమి చూసి మరీ పోయండి.

కొబ్బరినూనెలో కాచిన తల నూనె గడ్డకట్టింది

జనవరిలో వచ్చే ఫోన్లన్నీ దీని గురించే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, చలికాలం రాత్రుళ్ళు మన ఊళ్ళో అంతకన్నా చల్లబడుతుంది. నూనె పాడవలేదు. పొయ్యి మీద పెట్టి మళ్ళీ కాచకండి, ఆకు వాసన పోతుంది. మూత బిగించి, పొద్దున్న పిట్టగోడ మీద పావుగంట ఎండలో ఉంచితే చాలు. స్నానానికి నీళ్ళు కాగేలోపు కరిగి ఉంటుంది.