గిటార్ యాంప్ మోడెలర్‌ను స్టేజీకి సిద్ధం చేసుకోవడం ఎలా

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు రిసెప్షన్లలోనూ కాలేజీ వేడుకల్లోనూ గిటార్ వాయించేవారికి యాంప్ మోడెలర్ ఎంతో సౌకర్యమైన పరికరం. బైకు వెనక సంచిలో పట్టే ఒక్క పెట్టెలో యాంప్, స్పీకర్ క్యాబినెట్, పెడళ్ళు అన్నీ డిజిటల్ నకళ్ళుగా ఉంటాయి. అయితే కొత్తగా కొన్నవారిలో చాలామంది మొదటి ప్రోగ్రాం తర్వాత ఒకే మాట అంటారు: ఇంట్లో హెడ్‌ఫోన్లలో అద్భుతంగా వినిపించిన టోన్ ఫంక్షన్ హాల్‌లో కింద బేస్ గుమ్మని మోగింది, పైన ట్రెబుల్ చెవులు కోసింది, మధ్యలో గిటార్ మాత్రం వినిపించలేదు. ఇందులో పరికరం తప్పు లేదు. మనిషి చెవి తక్కువ శబ్దంలో బేస్‌నూ ట్రెబుల్‌నూ సరిగా పట్టుకోలేదని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి పదకొండు గంటలకు ఇంట్లోవాళ్ళు నిద్రలేవకుండా చిన్న శబ్దంతో ప్యాచ్ (మోడెలర్‌లో దాచుకునే టోన్ అమరిక) తయారు చేసేటప్పుడు మనకు తెలియకుండానే ఆ రెండింటినీ పెంచుకుంటాం. అదే ప్యాచ్ స్టేజీ మీద పెద్ద శబ్దంలో మోగినప్పుడు ఆ పెంపు అంతా బయటపడుతుంది.

కాబట్టి ప్రోగ్రాంలో వాడే ప్యాచ్‌ను స్టేజీ శబ్దానికి దగ్గరగా ఉండే శబ్దంలోనే తయారు చేయాలి. రిహార్సల్ గది లేనివారు సౌండ్ సిస్టం వాళ్ళను బతిమాలుకొని హాల్‌కు ఒక గంట ముందు వెళ్ళడం మేలు. ఆ ఒక్క గంట ఇంట్లో గడిపిన పది రాత్రులకంటే ఎక్కువ నేర్పుతుంది. ఫోనులోని డెసిబెల్ మీటర్ కచ్చితంగా చెప్పదు కానీ 85, 90 దగ్గర ఉన్నామా లేదా అన్న అంచనాకు సరిపోతుంది. ఆ శబ్దంలో గంటల తరబడి కూర్చోకుండా మధ్యమధ్య చెవులకు విశ్రాంతి ఇవ్వాలి.

ప్యాచ్ తయారీకి ముందే సిగ్నల్ ఎక్కడికి వెళ్తుందో తేల్చుకోవాలి. నేరుగా మిక్సర్‌కు గానీ, మామూలు పవర్డ్ స్పీకర్‌కు గానీ వెళ్తున్నట్లయితే మోడెలర్‌లో గిటార్ స్పీకర్ శబ్దాన్ని అనుకరించే క్యాబినెట్ బ్లాక్, అంటే ఐఆర్, తప్పనిసరిగా ఆన్‌లో ఉండాలి. అది లేకపోతే డిస్టార్షన్ తేనెటీగల తుట్టెలా వినిపిస్తుంది. అసలు గిటార్ యాంప్ వెనక ఉండే ఎఫెక్ట్స్ రిటర్న్ సాకెట్‌లోకి వెళ్తున్నట్లయితే ఆ బ్లాక్‌ను ఆపేయాలి, ఎందుకంటే అక్కడ నిజమైన గిటార్ స్పీకరే ఉంది. మన ప్రాంతంలో పదింట తొమ్మిదిసార్లు దారి మిక్సర్‌కే కనుక ఇక్కడ చెప్పేదంతా ఆ లెక్కలోనే ఉంటుంది.

ఇక మిక్సర్‌తో కుదిరే బంధం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ప్రోగ్రాంలు ఇక్కడే పాడవుతాయి. ఫంక్షన్ హాల్‌లో మిక్సర్ దగ్గర కూర్చున్న అతని ముందు గాయకుల మైకులు, రిథమ్ ప్యాడ్, ఢోలక్, కీబోర్డు అన్నీ కలిసి ఉంటాయి; మనకు దొరికేది మిగిలిపోయిన ఒక మైక్ ఛానల్. ఆ ఛానల్ మైక్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ కోసం తయారైంది. మోడెలర్ ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ (మైక్ కేబుల్ గుచ్చే మూడు పిన్నుల సాకెట్) లైన్ లెవెల్‌లో ఉంటే అది అంతకంటే 40 డెసిబెల్స్ వరకు ఎక్కువగా ఉండవచ్చు, దాంతో ఛానల్ మొదట్లోనే చిరిగిపోయిన శబ్దం వస్తుంది. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌ను మైక్ లెవెల్‌కు మార్చాలి. ఆ సౌకర్యం లేకపోతే ఛానల్ మీద సిగ్నల్‌ను తగ్గించే ప్యాడ్ మీట నొక్కమని అడగాలి. ఎక్స్‌ఎల్‌ఆర్ లేని చిన్న మోడెలర్లకు మధ్యలో డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మైక్ ఛానల్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టుకోవాలి, లేకపోతే ఇరవై మీటర్ల కేబుల్ దారిలోని హమ్మునంతా మోసుకొస్తుంది. ఆ ఛానల్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మిక్సర్ కేబుల్ గుండా మైకులకు పంపే కరెంటు) ఆఫ్‌లో ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి, కొన్ని మోడెలర్లు దాన్ని తట్టుకోలేవు.

సౌండ్ చెక్‌లో వాయించాల్సింది మీ దగ్గరున్న అన్నిటికంటే బిగ్గర ప్యాచ్, అదీ ప్రోగ్రాంలో వాయించేంత బలంతో. ఛానల్ మీది ఎర్ర పీక్ లైటు వెలగబోయి ఆగినంత వరకు గెయిన్ పెట్టించుకోవాలి. ఈ పాఠం నేను జమ్మికుంటలో ఒక రిసెప్షన్‌లో నేర్చుకున్నాను. సౌండ్ చెక్‌లో క్లీన్ ప్యాచ్ మీద వేళ్ళతో మెల్లగా రెండు కార్డులు మీటి సరేననిపించుకున్నాను. మొదటి ఫాస్ట్ పాటలో లీడ్ స్విచ్ తొక్కగానే ఎర్ర లైటు వెలిగింది, మిక్సర్ దగ్గరి అతను ఫేడర్‌ను అడుగుకు లాగేసి, “జర తగ్గియ్యి అన్నా” అని దూరం నుంచే చేయి ఊపాడు. ఆ ఫేడర్ మళ్ళీ పైకి రాలేదు. ఆ రాత్రంతా నా గిటార్ నా మానిటర్‌లో నాకు తప్ప ఎవరికీ వినిపించలేదు. అందులో అతని తప్పేమీ లేదు, నేను చూపించిన శబ్దం ఒకటి, తర్వాత పంపించిన శబ్దం ఇంకొకటి.

టోన్ విషయానికి వస్తే, మోడెలర్‌లో నూటికి పైగా యాంపులున్నా ఒక్కటి లేదా రెండింటితో సరిపెట్టుకోవడం మంచిది. యాంప్ గెయిన్‌ను ఇంట్లో పెట్టుకున్నదానికంటే మూడో వంతు తగ్గించాలి. శబ్దం పెరిగినప్పుడు డిస్టార్షన్ దానంతటదే నిండుగా వినిపిస్తుంది. క్యాబినెట్ బ్లాక్‌లో కింది శబ్దాలను కోసే లో కట్‌ను 100 హెర్ట్జ్ దగ్గర, పై శబ్దాలను కోసే హై కట్‌ను 6000 నుంచి 7000 హెర్ట్జ్ మధ్య పెట్టి మొదలు పెట్టాలి. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ దాదాపు 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ కింది చోటు బేస్ గిటార్‌కు, కిక్ డ్రమ్ముకు, ఢోలక్ ఎడమ మూతకు చెందినది. పై వైపు చూస్తే, నిజమైన పన్నెండు అంగుళాల గిటార్ స్పీకర్ 5000 హెర్ట్జ్ దాటాక వేగంగా పడిపోతుంది. హాల్ పీఏ స్పీకర్ మాత్రం ట్వీటర్‌తో అన్నీ వినిపిస్తుంది. చెవులు కోసే ఆ ఇసుక శబ్దం అక్కడి నుంచే వస్తుంది. మిడ్స్ తగ్గించి అందమైన లోయలా చేసుకునే అలవాటును ఇంట్లోనే వదిలేయాలి. బ్యాండ్‌లో గిటార్ వినిపించే చోటు ముఖ్యంగా 500 నుంచి 1500 హెర్ట్జ్ పరిసరాల్లోనే ఉంటుంది. ఒంటరిగా విన్నప్పుడు కొంచెం ముక్కుతో పాడినట్టు అనిపించే టోనే మందిలో నిలబడుతుంది.

రెవెర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) దగ్గర పొదుపుగా ఉండాలి. గచ్చు నుంచి గోడల దాకా టైల్స్ పరచిన మన ఫంక్షన్ హాళ్ళు వాటంతట అవే పెద్ద రెవెర్బ్ యూనిట్లు; దానిమీద మనం ఇంకొకటి కలిపితే మాట, పాట, గిటార్ కలిసి పులుసైపోతాయి. హాల్‌లో రెవెర్బ్ మిక్స్‌ను ఇంటి విలువలో సగానికి తగ్గించాలి, కాలేజీ మైదానం వంటి ఆరుబయట వేదిక అయితే తిరిగి పెంచుకోవచ్చు. లీడ్‌కు లోతు కావాలంటే రెవెర్బ్ కంటే డిలే (వాయించినదాన్ని కాసేపాగి మళ్ళీ వినిపించే ఎఫెక్ట్) నయం. దాని లెక్క తేలికే: 60,000ను పాట బీపీఎంతో, అంటే నిమిషానికి పడే దెబ్బల సంఖ్యతో, భాగిస్తే ఒక తాళపు దెబ్బ మిల్లీసెకన్లలో వస్తుంది. 100 బీపీఎం పాటకు అది 600, అందులో ముప్పావు వంతు 450. లెక్క కుదరకపోతే ట్యాప్ స్విచ్‌ను కాలితో తాళం వేసినట్టు నాలుగుసార్లు తొక్కితే చాలు.

సాధారణంగా హాల్ సౌండ్ మోనోలోనే నడుస్తుంది. స్టీరియో ప్యాచ్ నుంచి ఎడమ అవుట్‌పుట్ ఒక్కటే ఇచ్చినప్పుడు అటూ ఇటూ ఎగిరే డిలేలో సగం దెబ్బలు మాయమవుతాయి. అవుట్‌పుట్‌ను మోనోగా పెట్టి, ఇంట్లో కూడా మోనోలోనే విని తయారు చేసుకోవాలి.

క్లీన్, రిథమ్, లీడ్ మూడింటి శబ్దాలను సమం చేసుకోవడంలో మీటర్‌ను నమ్మకూడదు. డిస్టార్షన్ సిగ్నల్ నొక్కుకుపోయి ఉంటుంది, క్లీన్ సిగ్నల్‌కు పొడుగాటి శిఖరాలుంటాయి. మీటర్‌లో రెండూ ఒకే చోటు చేరినా చెవికి ఒకేలా ఉండవు. ఫోనులో డ్రమ్, బేస్ ట్రాక్ పెట్టి దాని మీద వాయిస్తూ చెవితో సరిచేసుకోవాలి. లీడ్ రిథమ్ కంటే 3 డెసిబెల్స్ పైన ఉంటే చాలు. ఆ పెంపును యాంప్ బ్లాక్ తర్వాత పెట్టాలి. ఇప్పటికే చిరుగుతున్న యాంప్ ముందు బూస్ట్ పెడితే చిరుగు పెరుగుతుంది తప్ప శబ్దం పెరగదు, సోలో సమయంలో గిటార్ ముందుకు రావడానికి బదులు వెనక్కి పోతుంది.

పాటకొక ప్రీసెట్ (ప్యాచ్) తయారు చేసుకోవాలని అందరికీ అనిపిస్తుంది. చీటీల మీద ఫర్మాయిష్‌లు వచ్చే పెళ్ళిలో అది కుదరదు. పైగా ఒక ప్రీసెట్ నుంచి మరొక దానికి మారేటప్పుడు చాలా మోడెలర్లలో క్షణం పాటు శబ్దం తెగిపోతుంది. ఒకే ప్రీసెట్‌లో అన్ని బ్లాకులూ పెట్టి, వాటి ఆన్, ఆఫ్ స్థితులను కాలి స్విచ్‌లకు కట్టుకోవడం ఉత్తమం. వీటిని లైన్ 6 హీలిక్స్ మోడెలర్‌లో స్నాప్‌షాట్‌లని, ఫ్రాక్టల్, క్వాడ్ కార్టెక్స్ మోడెలర్లలో సీన్లని అంటారు. నా పెట్టెలో నాలుగే ఉన్నాయి: క్లీన్, కొంచెం గరుకు, లీడ్, కోరస్ కలిసిన ఆర్పెజియో. లీడ్ ఎప్పుడూ కుడి కొసన ఉంటుంది, చీకట్లో కూడా బూటు అంచుకు దొరకాలి.

గాయకుడు చివరి నిమిషంలో శ్రుతి మార్చమంటే కీబోర్డు వాయించేవారికి ఒక్క ట్రాన్స్‌పోజ్ మీట చాలు, మన బాధ వేరు. మోడెలర్‌లోని పిచ్ షిఫ్టర్ ఉపయోగపడుతుంది కానీ దానివల్ల కొంత ఆలస్యం తోడవుతుంది, కార్డుల్లో గొంతు కొంచెం మారుతుంది. శ్రుతి పైకి వెళ్తే కాపో (గిటార్ మెడ మీద తీగలను నొక్కి పట్టే క్లిప్పు) పెట్టుకోవడం, కిందికి వచ్చినప్పుడే షిఫ్టర్ వాడడం నా పద్ధతి.

హాల్ మారినప్పుడల్లా ప్యాచ్‌లను తవ్వకూడదు. అన్ని ప్యాచ్‌లకూ ఒకేసారి వర్తించే గ్లోబల్ ఈక్యూలో 200, 250 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే గుమ్మని మోగే హాల్ చాలావరకు దారికొస్తుంది, రాత్రి ఇంటికెళ్ళే ముందు దాన్ని మళ్ళీ సున్నాకు తేవాలి. వాల్యూమ్ గుండ్రటి మీటను, సెట్టింగ్ అనుమతిస్తే, హెడ్‌ఫోన్‌కు లేదా మానిటర్‌కు మాత్రమే కట్టేయాలి. అప్పుడు మన చెవికోసం తిప్పినా మిక్సర్‌కు వెళ్ళే శబ్దం మారదు.

కరెంటు సంగతి చిన్నది కాదు. సీరియల్ లైట్లు, డిమ్మర్లు ఉన్న బోర్డు నుంచి కాకుండా మిక్సర్‌కు వెళ్ళే బోర్డు నుంచే లైన్ తీసుకోవాలి, గ్రౌండ్ తేడా వల్ల వచ్చే హమ్ము అక్కడే సగం పోతుంది. మిగిలితే మోడెలర్ లేదా డీఐ బాక్స్ మీది గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కాలి. ప్లగ్గులోని ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా విరవకూడదు, తీగలు పట్టుకొని మైక్‌కు పెదవి ఆనించేవారికి అది ప్రాణాంతకం. లైన్ పోయి జనరేటర్ అందుకునే ఆ రెండు క్షణాల్లో మోడెలర్ ఆగిపోతుంది, తిరిగి లేవడానికి కొన్నింటికి అర నిమిషం పైగా పడుతుంది. కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ ఒకటి ఈ అర నిమిషపు అవమానాన్ని తప్పిస్తుంది. అడాప్టర్‌ను అరువు తెచ్చుకునేటప్పుడు వోల్టులు, మిల్లీ ఆంపియర్లతో పాటు పిన్ను మధ్యలో మైనస్ ఉందో ప్లస్ ఉందో చూసుకోవాలి.

ప్రోగ్రాం ఉన్న వారంలో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ జోలికి పోకూడదు. ప్యాచ్‌లన్నిటినీ ల్యాప్‌టాప్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ దాచుకోవాలి. సంచిలో రెండో కేబుల్‌తో పాటు ఒక మామూలు ఓవర్‌డ్రైవ్ పెడల్, చిన్న డీఐ బాక్స్ ఉంటే పెట్టె మొరాయించినా ప్రోగ్రాం ఆగదు. మోడెలర్ వెనక, ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ పైన, తెల్ల టేపు అంటించి “మైక్ లెవెల్, మోనో, ఫాంటమ్ ఆఫ్” అని మార్కర్‌తో రాసి పెట్టుకోండి. స్టేజీ మీద గోల మధ్య కేబుల్ పట్టుకొచ్చిన కుర్రవాడు మిమ్మల్ని అడగకుండానే అది చదివి మిక్సర్ వైపు అరిచి చెబుతాడు.